రాజుగారి గడ్డి తడిపిన నేరం

పేరు చెప్పి గొడవ ఎందుకుగానీ, ఒకానొక రాజుగారి గుర్రపుశాలలో నూకాలు అనే ఆవిడ గడ్డి వేసేది. ఆ కూలితోనే ఆమె ఇంట్లో పొయ్యి వెలిగేది. రాజుగారి తెల్లగుర్రం మేతలో మూతి పెట్టగానే దగ్గేది. ఎండుగడ్డి విదిలిస్తే శాలంతా దుమ్ము. అందుకని నూకాలు గడ్డి మీద నీళ్లు చల్లి వేయడం మొదలెట్టింది. దగ్గు తగ్గింది.

శాలాధికారి రణరంగరాయుడికి మాత్రం కోపం పెరిగింది. నూకాల్ని రాజుగారి ముందు నిలబెట్టాడు.

"ప్రభూ, తడిమేత బీదాళ్ల గేదెలకి. ఏలినవారి గుర్రానికి నీళ్లు కలిపిన మేతా! దీన్ని కోటలోంచి తరిమేయాలి."

"ఏమంటావే?" అన్నారు రాజుగారు.

నూకాలు కొంగుముడి విప్పింది. మధ్యాహ్నం తిందామని తెచ్చుకున్న పేలపిండి అందులో ఉంది.

"తప్పేనండి మారాజా, వెళ్లిపోతాను. అధికారిగారు ఈ పిండి గుప్పెడు నోట్లో పోసుకుని, నా శిక్షేదో తమ నోటితోనే చెబితే చాలు. నీళ్లు మాత్రం కలపకూడదండి, గొప్పోళ్ల తిండి కదా."

"ఇంతేనా?" అని రాయుడు గుప్పెడూ నోట్లో పోసుకుని, "నూకాలు అనబడే..." అన్నాడు.

పిండి పొగలా లేచింది. ఆ తర్వాత అంతా దగ్గే. కళ్లు ఎర్రబడ్డాయి. ఒక చెయ్యి గుండె మీద, రెండో చెయ్యి నీళ్ల కూజా వైపు.

రాజుగారు నూకాలు వైపు తిరిగారు. "ఏమంటున్నాడు?"

"ఇన్నాళ్లూ గుర్రం అన్నదేనండి."

"ఆయనకి నీళ్లివ్వండి," అన్నారు రాజుగారు భటులతో. "గుర్రం సంగతి నూకాలు చూసుకుంటుంది."