ముళ్ళపంది కథకి ఎన్ని తలలు ఊగాయి?

అనగనగా ఒక అడవిలో, ఎంత పెద్ద అడవిలో అంటే, ఈ చివర పుట్టిన గాలి ఆ చివరికి చేరేసరికి దానికి మీసాలు నెరిసిపోయేంత పెద్ద అడవిలో, ఒక నల్లబండ ఉండేది.

సాయంత్రమైతే చాలు, జంతువులన్నీ ఆ బండ చుట్టూ చేరేవి. కథ చెప్పాలనిపించినవాళ్ళు బండెక్కి చెప్పేవాళ్ళు. నచ్చితే మిగతావాళ్ళు తల నిలువుగా ఊపేవాళ్ళు. నచ్చకపోతే అడ్డంగా ఊపేవాళ్ళు.

బండ వెనకాల ఇప్పపూల కుప్ప ఒకటి ఉండేది. పూలు రాలే రోజుల్లో అందరూ కలిసి ఏరి, ఎండబెట్టి, పోగేసిన కుప్ప అది. దాని కొసకి తగిలి మబ్బులు చిరిగిపోయేవంటే నమ్మండి. ఎవరి కథకి ఎక్కువ తలలు ఊగితే వాళ్ళకి ఆ కుప్పలోంచి బుట్టెడు పూలు బహుమానం.

ఆ అడవిలోనే, ఏటికి అవతల, మంగతాయి అని ఒక ముళ్ళపంది కాపురముండేది. ఆమెకి ఇద్దరు పిల్లలు. ఆ ఏడు ఎండలు మండిపోయాయి. నేలలో దుంపలు రాళ్ళైపోయాయి. పిల్లలు ఆకలికి ఎంత గట్టిగా ఏడ్చేవాళ్ళంటే, పక్క కొండ మీది పులి నిద్ర పట్టక కాపురం ఎత్తేసింది.

"అమ్మా, ఇవాళైనా ఇప్పపూలు తెస్తావా?" అని అడిగారు పిల్లలు.

"తెస్తాను నాన్నా. కథ చెప్పడంలో మీ అమ్మని మించినవాళ్ళు ఎవరున్నారు?" అంది మంగతాయి.

గొప్పలకి అన్న మాట కాదది. నిజమే. ఆమె కథ చెబితే ఎండిన మోడు కూడా ముందుకి వంగి వినేది.

ఆ సాయంత్రం మంగతాయి బండెక్కింది. ఎండ్రకాయ కథ ఎత్తుకుంది. అది చుట్టాలింటికి పెళ్ళికి బయలుదేరి, పక్కకి నడిచి నడిచి, లోకమంతా చుట్టి మళ్ళీ తన బొరియకే వచ్చి, "అబ్బ, పెళ్ళివారిల్లు అచ్చం మా ఇల్లులాగే ఉందే!" అని చంకలు గుద్దుకుందట. ఉడతలు నవ్వలేక కొమ్మల మీంచి రాలిపడ్డాయి. కుందేళ్ళు పొట్ట పట్టుకుని దొర్లాయి. చిన్నా పెద్దా తలలన్నీ నిలువుగా ఊగాయి.

కొమ్మ మీద కూర్చున్న కొండముచ్చు కోటిలింగం లెక్క చూశాడు. ఊపులు లెక్కపెట్టేదీ, నిబంధనలు పెట్టేదీ అతనే.

"సున్నా," అన్నాడు కోటిలింగం.

"సున్నా ఏంటి అన్నయ్యా? ఇన్ని తలలు ఊగితే!"

"ఇన్ని నిలువుగా ఊగాయి చెల్లాయ్. ఒకటి అడ్డంగా ఊగింది. అది ఏనుగు తల."

మంగతాయి తిరిగి చూసింది. ఏనుగు గుమ్మడయ్య బండ పక్కనే నిలబడి గుర్రు పెడుతున్నాడు. చెవి మీద ఈగ వాలినప్పుడల్లా తల అటూ ఇటూ విసురుతున్నాడు.

"నిద్రపోతున్నాడు అన్నయ్యా ఆయన! ఈగని తోలుకుంటున్నాడు!"

"నిద్రలో ఊపాడా, మెలకువలో ఊపాడా అన్నది నిబంధనలో లేదు. ఊగిందా లేదా, అంతే. కుప్పలోంచి ఎవరు ఎక్కువ పూలు గెలిచి ఉంటే వాళ్ళ తల అంత బరువు. ఆయన తల ఒక్కసారి ఊగితే అడవిలో ఉడతలన్నీ కలిసి ఊగినా సరిపోదు."

"ఆయనకి అన్ని పూలు ఎలా వచ్చాయి?"

"తల బరువు కాబట్టి వచ్చాయి."

"తల బరువు ఎలా వచ్చింది?"

"పూలున్నాయి కాబట్టి వచ్చింది. చిన్నపిల్లలాగా అడుగుతావేంటి చెల్లాయ్!"

ఇంతలో గుమ్మడయ్యకి మెలకువొచ్చింది. ఒక కాలు బండ మీద పెట్టి, నోరు ఇంత తెరిచి, "హా...వ్" అని ఆవలించాడు. ఆ ఆవలింతకి ముందు వరస కుందేళ్ళు రెండు లోపలికి పోయి బయటికొచ్చాయి. అంతే, అడవిలో తలలన్నీ టపటపా ఊగాయి. "ఏం లోతు! ఏం లోతు!" అన్నారు అందరూ. చివరికి గుమ్మడయ్య తన ఆవలింతకి తనే తల ఊపుకున్నాడు. బుట్ట ఆయనకే.

"ఇదేంటమ్మా?" అని పక్కనున్న కుందేలుని అడిగింది మంగతాయి.

"కొత్త నిబంధన అత్తా. ఏనుగు దొర కంటే ముందు ఎవరు ఊపితే వాళ్ళకి ఆ బుట్టలోంచి గుప్పెడు పూలు. కథ అయ్యేదాకా ఆగితే గుప్పెడు పోతుంది."

మంగతాయి ఒట్టి చేతులతో ఏరు దాటింది. పిల్లలు ఆమె చేతులు చూశారు. నీళ్ళు తాగి పడుకున్నారు.

మర్నాడు ఆమె ఇంకో దారి పట్టింది. పొద్దున్నే ఇంటింటికీ తిరిగింది. "నీ కథకి నేను ఊపుతాను, నా కథకి నువ్వు ఊపు," అని అందరితో మాట్లాడుకుంది. ఆ రోజుల్లో అడవంతా అదే పని చేస్తోందిలెండి. కుందేలు వచ్చి, "నేను గడ్డి తిన్నాను. బాగుంది. కథ అయిపోయింది," అంది. మంగతాయి తల ఊపింది. అడవిపంది వచ్చి, "బురదలో పడుకున్నాను. రేపు కూడా పడుకుంటాను," అంది. మంగతాయి తల ఊపింది. ఊపీ ఊపీ మెడ కొయ్యబారిపోయింది. వెన్నెముక అరిగి ఆమె జానెడు పొట్టిదైపోయింది.

సాయంత్రం ఆమె వంతు వచ్చింది. మాట ఇచ్చినవాళ్ళంతా నిజంగానే తలలూపారు.

"సున్నా," అన్నాడు కోటిలింగం.

"ఇవాళ ఏనుగు దొర ఊపలేదు కదా అన్నయ్యా!"

"మీ తలలన్నీ పొద్దున్నించీ ఊగి అరిగిపోయాయి చెల్లాయ్. అరిగిన తలకి బరువు లేదు. ఈ మధ్యాహ్నమే ఆ నిబంధన పెట్టాం."

మంగతాయికి కోపం కూడా రాలేదు. కోపం తెచ్చుకోవడానికి కూడా కాస్త బలం ఉండాలి కదా పిల్లలూ. బండ దిగి మెల్లగా నడిచిపోతుంటే, చెట్టు మొదట్లోంచి తవిటయ్య అనే తొండ పిలిచాడు.

"పిన్నీ, ఇంత కష్టమెందుకు? మేం తొండలం పుట్టుకతోనే తలలు ఊపుతాం. మాకు అరుగూ తరుగూ లేదు. రేపు మావాళ్ళందరినీ దింపుతాను. సగం బుట్ట నాది."

"అయితే నా కథ వింటారన్నమాట."

"వినడమెందుకు పిన్నీ? ఊపడానికే ఈ కూలి. వినాలంటే వేరే మాట్లాడుకోవాలి."

మంగతాయి ఏటి వైపు చూసింది. అవతల పిల్లలు ఆకలితో ఉన్నారు.

"సరేలే," అంది.

మూడోరోజు సాయంత్రం ఆమె ఏరు దాటి బండ వైపు వస్తూ, ఒక్కసారి ఆగింది. ముక్కు పైకెత్తింది. పొగ! పడమటి కొండ మీద ఎర్రటి నాలుక ఒకటి ఆకాశాన్ని నాకుతోంది. ఎండిన వెదురు పెటపెటా పగులుతోంది. గాలి ఇటే వీస్తోంది.

మంగతాయి పరుగెత్తింది. బండెక్కి, ఉన్న గొంతంతా పెట్టి అరిచింది.

"పడమటి కొండ అంటుకుంది! మంట ఇటే వస్తోంది! లేవండి, ఏటిలోకి పదండి!"

తవిటయ్య మాట తప్పలేదు. తొండలన్నీ తలలు ఎగరేశాయి. అది చూసి కుందేళ్ళు, "అమ్మో, ఇవాళ పెద్ద బుట్టే!" అని తలలూపాయి. ఉడతలు ఊపాయి. అడవిపందులు ఊపాయి. వెనకపడితే గుప్పెడు పోతుందని ఒకరి మీద ఒకరు పడి మరీ ఊపారు.

"మొదలే ఎంత బాగుందో!"

"భయం బాగా పండించావు అత్తా!"

ఆ సందడికి గుమ్మడయ్య కళ్ళు సగం తెరిచాడు. అందరూ నిలువుగా ఊపుతున్నారు కదా అని తనూ నిలువుగా ఊపి, మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. తలలు ఊగిన ఊపుకి పుట్టిన గాలికి చెట్ల మీది ఆకులన్నీ రాలిపోయాయి.

"కథ కాదర్రా! నిజం!" అని గొంతు చించుకుంది మంగతాయి.

"కథని కథ కాదన్నట్టు చెప్పడమే అసలు గొప్ప," అన్నాడు కోటిలింగం. కొమ్మ మీంచి దూకి, పొర్లిపోయేంత నిండిన బుట్ట ఆమె కాళ్ళ దగ్గర పెట్టాడు. "ఈ బండ పుట్టాక ఇన్ని తలలు ఊగలేదు చెల్లాయ్. తీసుకో. ఇక తర్వాత ఎవరు? రండి, రండి!"

తరవాతి కథకి అందరూ మెడలు సవరించుకున్నారు.

అప్పుడు బండ కింద నుంచి ఒక సన్నటి గొంతు వినపడింది.

"మంట ఎంత దూరంలో ఉందమ్మాయ్?"

అది తాబేలు తాత అప్పన్న గొంతు. ఆయన తల డిప్పలోంచి బయటికి రావడానికే ఒక కథ పడుతుంది. ఏ కథకీ వేళకి ఊపలేడు. గుప్పెడు పూలు ఎన్నడూ దక్కించుకోలేదు. అందుకని ఆయన ప్రతి కథా చివరిదాకా వినేవాడు.

మంగతాయికి కళ్ళనీళ్ళు వచ్చాయి. ఆ బండ దగ్గర ఆమెని ఒకరు ఒక మాట అడగడం అదే మొదలు.

"కొండ కింది దాకా వచ్చేసింది తాతా."

"అయితే నేను ఏరు చేరేలోపు అది నన్ను దాటిపోతుందిలే. నీకు పిల్లలున్నారు. బుట్ట తీసుకుని నువ్వెళ్ళు."

మంగతాయి బుట్ట వైపు చూసింది. తియ్యటి వాసన. అది పట్టుకుని ఏరు దాటితే పిల్లల కడుపు నిండుతుంది. అక్కడికి మంట రాదు. వీళ్ళా? చెప్పింది ఎవరు విన్నారు? వినని తలల కోసం తనెందుకు మాడిపోవాలి? ఆమెకి ఎంత అలసటగా ఉందంటే, ఆ అలసట బరువుకి బండ బెత్తెడు నేలలోకి దిగింది.

అయినా బండ కింద, విన్న తల కూడా ఒకటి ఉంది.

తర్వాత బుట్టని కాలితో పక్కకి నెట్టింది. ముళ్ళన్నీ నిక్కబొడుచుకుని, ఏనుగుకి వీపు తిప్పి, రివ్వున వెనక్కే పరుగెత్తి, గుమ్మడయ్య పిరుదుల్లో కస్సున గుచ్చింది.

గుమ్మడయ్య పెట్టిన ఘీంకారానికి పగలే చుక్కలు రాలాయి! తోక పైకెత్తి, చెట్లు విరుచుకుంటూ, చల్లటి నీళ్ళ కోసం ఏటి వైపు పరుగు లంకించుకున్నాడు. ఏనుగు ఎటైతే అడవి అటు. ఎందుకని ఒక్కరూ అడగలేదు. కుందేళ్ళు, ఉడతలు, పందులు, తొండలు, కోటిలింగంతో సహా అందరూ ఆయన వెనకాలే పరుగెత్తి ఏట్లో దూకారు.

మంగతాయి అప్పన్నని డిప్ప అంచు మీద నిలబెట్టి, పల్లంలో చక్రంలా దొర్లించింది.

"అమ్మాయ్, లోకం తిరుగుతోంది!" అన్నాడు తాత.

"తిరగనీ తాతా, ఆగితే కాలుతుంది!" అంది మంగతాయి.

వాళ్ళిద్దరూ నీళ్ళలో పడడం, మంట బండ దగ్గరికి రావడం ఒక్కసారే జరిగాయి. ఇప్పపూల కుప్ప భగ్గుమంది. ఆ తియ్యటి పొగ పీల్చిన కాకులు వారం దాకా ఎగరలేక నేల మీద నడిచాయి.

మర్నాడు అందరూ మెడలోతు నీళ్ళలో నిలబడి ఉన్నారు. కోటిలింగం ఏటి నడుమ రాయి మీదకెక్కాడు. మొహమంతా మసి. తోక కొస కాలిపోయింది.

"దిగులు పడకండి," అన్నాడు. "కొత్త బండ చూసిపెట్టాను. నిబంధనలు కూడా మార్చాం. ఇకమీదట తల కాదు, తోక ఊపాలి."

"తోకా! బాగుంది, బాగుంది!" అని అందరూ తలలూపారు.

"చెల్లాయ్, మొదటి కథ నీదే. నిన్నటి మంట కథ చెప్పు. తోకలు విరిగిపోతాయి చూడు!" అన్నాడు కోటిలింగం.

"నాకు ఓపిక లేదన్నయ్యా," అంది మంగతాయి. పోట్లాడలేదు. అవతలి గట్టున నీళ్ళోంచి బయటికొచ్చి, ముళ్ళు దులుపుకుని, ఇంటి వైపు నడిచింది.

వెనకాలే అప్పన్న వచ్చాడు. "అమ్మాయ్, ఈ ఒడ్డున తడి ఇసక కింద తుంగదుంపలు ఉంటాయి. చోటు నేను చూపిస్తాను. తవ్వే గోళ్ళు నీకున్నాయి."

"ఇంత దగ్గరలోనా తాతా? నేనెప్పుడూ చూడలేదే!"

"నువ్వు రోజూ తలలు చూస్తూ పోయేదానివి."

మంగతాయి తవ్వింది. దుంపలు నిజంగానే ఉన్నాయి. గోలీలంతే ఉన్నాయిలెండి. కానీ పరుగెత్తుకొచ్చిన ఆమె పిల్లల కళ్ళకి గుమ్మడికాయలంత కనపడ్డాయి. వాళ్ళు కరకర నములుతుంటే, ఆమె తవ్వుతూ తవ్వుతూ ఎండ్రకాయ కథ ఎత్తుకుంది. మధ్యలో రెండుసార్లు అలసిపోయి ఆగింది. ఎవరూ తొందర పెట్టలేదు. అవతల కొత్త బండ దగ్గర తోకలు టపటపా కొట్టుకుంటున్న చప్పుడు వినపడుతూనే ఉంది.

కథ ముగిసింది. పిల్లలు నవ్వీ నవ్వీ దుంపలు గొంతుకి అడ్డం పడేసుకున్నారు. అప్పుడు, ఎప్పటికో, అప్పన్న తల డిప్పలోంచి మెల్లగా బయటికొచ్చింది. అది నిలువుగా ఊగలేదు. అడ్డంగా ఊగలేదు.

"తర్వాత ఆ ఎండ్రకాయ ఏం చేసింది అమ్మాయ్?" అని అడిగాడు.

మంగతాయి చేతులకున్న ఇసక దులుపుకుని, ఆయన పక్కన కూర్చుంది.

నీతి: వినకుండా ఊగే తలలు వెయ్యి ఉన్నా వాటి కోసం గొంతు అరగదీసుకోకండి, చివరిదాకా విని "తర్వాతేమైంది?" అని అడిగేవాళ్ళు ఒక్కరున్నా, కథ వాళ్ళకి చెప్పండి.