తొట్టిలో కొత్త చేపలు

పిల్లలూ, ఈ కథ మీకు ఎవరూ చెప్పి ఉండరు. మనం ఉంటున్న చోటికి నల్లమల చాలా దూరం. ఇక్కడ కొళాయి తిప్పితే నీళ్ళొస్తాయి, మీరు తాగేస్తారు. అవి ఎక్కడినుంచి వచ్చాయని నేను అడిగితే నవ్వుతారు. నవ్వండి గానీ ఒకసారి వినండి. నేను విన్నట్టే చెబుతాను. పెంచను, తగ్గించను.

శ్రీశైలానికి అడవిదారిన నడిచిపోయేవాళ్ళ కోసం ఒక కనుమ దగ్గర చిన్న మఠం ఉండేది. అక్కడ పూజలు తక్కువ, ఉపన్యాసాలు అసలే లేవు. దారినపోయేవాళ్ళకు నీళ్ళు పోయడమే వాళ్ళ పని. కొండమీది ఊటనుంచి సన్నటి కాలవ దిగి రాతితొట్టిలో పడేది. తొట్టిలో వేలెడేసి చేపలు కొన్ని తిరుగుతుండేవి. అవి తినడానికి కాదు. ఊటలో చెడు కలిస్తే మనిషికన్నా ముందు చేపకు తెలుస్తుందని వాళ్ళ నమ్మకం. చేప తేలితే నీళ్ళు పోయడం ఆపాలి, పైకి వెళ్ళి ఊట చూడాలి. మఠం పెద్ద శాంతలింగయ్య స్వామి పెట్టిన నియమం అదొక్కటే.

తొట్టిని చూసుకునే పని ఆయన శిష్యుడు రేవన్నది. రేవన్న చేతికి వచ్చాక ఒక్క చేపా చావలేదు. యాత్రికులు ఆ మాట ఊళ్ళో కూడా చెప్పుకునేవారు. ఏటా వచ్చే నేతగాడు చౌడప్ప మాత్రం ఆటపట్టించేవాడు. చేపలకు వారం వారం తలంటు కూడా పోస్తావా అయ్యవారూ అని అడిగేవాడు. రేవన్న పైకి విసుక్కున్నా, ఆ మాట తలుచుకుని తలుచుకుని మురిసిపోయేవాడు.

శివరాత్రి దగ్గరపడి దారంతా జనం నిండిన రోజులు. స్వామి పక్క గూడెంలో ఎవరికో బాగాలేదంటే చూడడానికి వెళ్ళాడు. ఆ ఉదయం రేవన్న తొట్టి దగ్గరికి వచ్చేసరికి చేపలన్నీ వెల్లకిలా తేలి ఉన్నాయి.

వంగి చూశాడు. నీళ్ళు తేటగానే ఉన్నాయి. వాసన లేదు. నీళ్ళు ఆపేస్తే ఎండనపడి వచ్చే జనాన్ని ఏమని పంపాలి? తొట్టి సరిగ్గా తోమలేదనే అనుకుంటారు. ఇన్నేళ్ళ పేరు ఒక్క పూటలో పోతుంది. అతను చచ్చిన చేపల్ని ఆకులో చుట్టి పొదలో పారేశాడు. కొండకు అవతలి వాగుకు పోయి కొత్తవి పట్టుకొచ్చి వదిలాడు. అవి చక్కగా ఈదాయి.

జనం వచ్చారు. చౌడప్ప, ఆయన భార్య సుంకులమ్మ కూడా వచ్చారు. చౌడప్ప తొట్టిలోకి తొంగి చూసి, చేపలు తిరుగుతున్నాయని కడుపునిండా తాగాడు. సుంకులమ్మ సొరకాయబుర్ర నింపుకుంది. ఇద్దరూ రేవన్నకు దండం పెట్టి వెళ్ళారు.

మర్నాటికి ఆ కొత్త చేపలూ తేలాయి. రేవన్న మళ్ళీ వాగుకు పోయాడు.

అతను ఇంకో విడత చేపల్ని వదిలి లేచేసరికి స్వామి గూడెంనుంచి తిరిగొచ్చాడు. వస్తూనే అలవాటు ప్రకారం గుప్పెడు బొరుగులు తొట్టిలో చల్లి చెయ్యి ముంచాడు. రోజూ చేపలు ఆయన వేళ్ళ చుట్టూ మూగేవి. ఆ రోజు చెయ్యి తగలగానే చెదిరి ఓ మూలకు పారిపోయాయి.

స్వామి చెయ్యి పైకి తీసి తడి విదిలించుకున్నాడు. చేపల మాట ఎత్తలేదు. దాహంగా ఉంది, కాసిని నీళ్ళు పొయ్యి నాయనా అన్నాడు.

రేవన్న నడుముకు కట్టుకున్న తన బుర్ర విప్పి వంచబోయాడు.

స్వామి దోసిలి పట్టలేదు. "ఇవెక్కడివి?"

"వాగువి, స్వామీ."

"తొట్టి పక్కన నిలబడి వాగునీళ్ళు పోస్తున్నావా?"

అప్పటిదాకా రేవన్నకే తెలియదు. నిన్న పొద్దుటినుంచి తను తొట్టినీళ్ళు ఒక్క గుక్క కూడా తాగలేదు. వాగుకు పోయినప్పుడల్లా బుర్ర నింపుకుని వచ్చాడు. ఎందుకని తనను తాను అడగలేదు.

స్వామి గట్టుమీది చెంబు తీసి తొట్టిలో ముంచాడు. ఎత్తి నోటి దగ్గర పెట్టుకున్నాడు.

రేవన్న చెయ్యి దానంతటదే లేచింది. చెంబు ఎగిరి రాళ్ళమీద పడి దొర్లింది. అంచు తగిలి స్వామి పెదవి చిట్లింది. గురువు మీద చెయ్యెత్తిన శిష్యుణ్ణి చూసి, నీళ్ళకోసం నిలబడ్డ ముసలావిడ నోరు నొక్కుకుంది.

స్వామి నెత్తురు తుడుచుకున్నాడు. "నేను తాగబోతే లేచింది. జనం తాగుతుంటే ఎందుకు లేవలేదు?"

రేవన్న అక్కడే కూలబడి ఉన్నదంతా చెప్పాడు. స్వామి తొట్టిమీద ముళ్ళకంప వేయించి, ఇద్దరు మనుషుల్ని పైకి పంపాడు. ఊటగుంటలో ఒక దుప్పి చచ్చి ఉబ్బి ఉందని వాళ్ళు పైనుంచే కేక వేశారు.

"నిన్న తాగినవాళ్ళు ఇప్పుడు ఎక్కడుంటారు?" అన్నాడు స్వామి.

"శ్రీశైలం దారిలో పై మజిలీ దాటి ఉండరు."

"పరిగెత్తు."

రేవన్న లేచాడు. నాలుగడుగులు వేసి ఆగాడు. "ఏమని చెప్పమంటారు?"

"చేపలు చచ్చాయని చెప్పు. ఎవరు దాచారని అడుగుతారు. అదీ చెప్పు."

పై మజిలీలో చెట్లకింద ఎక్కడివాళ్ళక్కడ పడి ఉన్నారు. వాంతుల వాసన. పసిపిల్ల ఒకతె ఏడవడానికి కూడా ఓపిక లేక మూలుగుతోంది. కొమ్మలకు కట్టిన ఒక పంచెనీడన చౌడప్ప కళ్ళు లోపలికి పోయి, పెదాలు ఎండి పడుకుని ఉన్నాడు. సుంకులమ్మ ఆయన తల ఒళ్ళో పెట్టుకుని బుర్రలోంచి కొంచెం కొంచెంగా నీళ్ళు పోస్తోంది.

రేవన్నను చూడగానే ఆమె ముఖం విప్పారింది.

"వచ్చినావా అయ్యా. రాత్రినుంచి ఇట్లనే ఉండాడు. వేరే నీళ్ళు ముట్టనీలేదు నేను. నీ తొట్టినీళ్ళయితే నమ్మకమని, అవే గుక్క గుక్క తాపిస్తాండా."

రేవన్న వంగి ఆమె చేతిలోని బుర్ర పట్టుకున్నాడు. అప్పుడు స్వామి చెప్పమన్న మొదటి మాట చెప్పాడు. సుంకులమ్మ అర్థంకానట్టు చూసింది. మరి నిన్న చేపలు తిరుగుతుంటే మేమే చూసినాము గదా అంది. రేవన్న రెండో మాట కూడా చెప్పాడు, అందరికీ వినపడేట్టు.

ఆమె అతని చేతిలోంచి బుర్ర మెల్లగా లాక్కుని నేలమీద వంపింది. నీళ్ళు ఇంకిపోయేదాకా ఆ తడినే చూస్తూ కూర్చుంది.

చౌడప్ప బతికాడు. మీరు అడుగుతారని తెలుసు, అందుకే చెబుతున్నాను. అందరూ బతికారని మాత్రం నాకు చెప్పినవాళ్ళు చెప్పలేదు.

రేపు మీకూ పిల్లలు పుడతారు. వాళ్ళకు ఈ కథ చెప్పండి. తెలుగు రాకపోతే వచ్చిన భాషలోనే చెప్పండి. చిన్నపిల్లలు భయపడతారని చెప్పి, ఆ పసిపిల్ల మూలుగు మాత్రం వదిలెయ్యకండి.