మూడుసార్లు లాగి చూసిన పోగు

చెరకుతోట పక్కన ఒక దిగుడుబావి. బావి మీదికి సగం వాలిన తుమ్మచెట్టు. ఆ చెట్టు గిజిగాళ్లది. వానలకి ముందు మగవి గూళ్లు అల్లుతాయి, ఆడవి వచ్చి చూసి, నచ్చితే కాపురం పెడతాయి, లేకపోతే మూతి తిప్పుకుని పోతాయి. అందుకని తెల్లారిన దగ్గర్నుంచీ ఆ చెట్టు మీద ఒకటే గోల.

ఆ గోల పోలయ్యకి పడేది కాదు. అతనూ గిజిగాడే. కానీ చుట్టూ అరుపులుంటే ముడి పడక, మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తున్నప్పుడు మండుటెండలో అల్లుకునేవాడు. తెచ్చిన చెరకాకు చీలికని మూడుసార్లు లాగి చూడందే గూటికి పెట్టేవాడు కాదు. ఎవరైనా పలకరిస్తే జవాబు ఏ మర్నాటికో వచ్చేది. 'మూడులాగుళ్లోడు' అని పేరు పెట్టి అందరూ నవ్వుకునేవాళ్లు. నవ్వితే నవ్వారుగానీ, అతని సగం గూడు ముందు మిగతావాళ్ల నిండు గూళ్లు గడ్డిమోపుల్లా ఉండేవి. నేను చూశాను కాబట్టి చెబుతున్నాను.

"ఒరే పోలయ్యా, ఆరుద్ర కార్తె వానలు పడేలోగా గూడు పూర్తి కాకపోతే చెట్టు దిగిపోవాల్సిందే. కట్టుబాటు అందరికీ ఒకటే" అని చెట్టుపెద్ద గవరయ్య తేల్చేశాడు. ఆ చెట్టు తప్ప పోలయ్యకి వేరే చోటు లేదు.

ఇలా ఉండగా ఒకరోజు నక్క జమ్ముగడ్డి మోపులు ఈడ్చుకొచ్చి గట్టున పడేసింది.

"గవరయ్య బావా! అంతంత దూరం ఎగిరి ఆకులేం మోస్తారు? ఇదిగో పచ్చి జమ్ము. మోపు ఇక్కడుంది కాబట్టి గూళ్లు కూడా ఈ గట్టువైపు కొమ్మలకే వేసుకోండి. రెండ్రోజుల్లో పని అయిపోతుంది."

"నీకెందుకు మావా ఇంత ప్రేమ?"

"ఇరుగుపొరుగన్నాక ఆ మాత్రం ఉండదా బావా!"

గవరయ్య ఉబ్బిపోయాడు. అందరూ ఎగబడి అల్లేశారు. పోలయ్య ఒక పోగు ముక్కున కరుచుకుని లాగాడు. మళ్లీ లాగి, ఉమ్మేసి, తన చెరకాకు దగ్గరికి వెళ్లిపోయాడు.

"చూశారా పొగరు! ఊరికే ఇచ్చినా పనికిరాదట" అన్నాడు గవరయ్య.

గూళ్లు చూడ్డానికి వచ్చిన సూరమ్మ అనే ఆడ గిజిగాడు మాత్రం పోలయ్య కొమ్మ మీద వాలింది. ప్రశ్నలేమీ వెయ్యలేదు. పక్కన ఊరికే కూర్చుంది. చాలాసేపటికి పోలయ్య రెండు పోగులు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. సూరమ్మ చెరకు పోగు లాగింది, సాగింది. జమ్ము పోగు లాగింది, పుటుక్కున తెగింది.

"ఇది పచ్చిది కాదా?"

"నిరుటిది. నానబెట్టింది. లోపల నార చచ్చిపోయింది" అన్నాడు పోలయ్య. అంత పొడుగు మాట అతని నోట అదే మొదటిసారి.

సూరమ్మ రివ్వున వెళ్లి గవరయ్య గూటిని ముక్కుతో పట్టి ఒక్క గుంజు గుంజింది. గూడు సగానికి చీలి గట్టున పడింది. నీళ్ల మీద వేలాడే గూళ్లు తనకి ఏనాడూ అందవని, గుడ్లు పెట్టాక వానకి గట్టున రాలితే ఏరుకు తినొచ్చని నక్క వేసిన ఎత్తు అప్పుడు అందరికీ తెలిసొచ్చింది. గవరయ్య ముఖం మాడిపోయింది.

అందరూ నాలుగు రోజులు పోలయ్య దగ్గర కూర్చుని, మూడేసిసార్లు లాగుతూ, బావివైపు కొత్త గూళ్లు అల్లుకున్నారు. అతని గూడూ పూర్తయింది. అందులోకి సూరమ్మ వచ్చింది.

"నక్కకి బుద్ధి చెప్పాలిరా. ఆ జమ్ముతోనే బావి అంచున ఒక గూడు అల్లిపెట్టు" అన్నాడు గవరయ్య.

పోలయ్య ఒక జమ్ము పోగు లాగి చూసి, పడేసి, "చెడ్డ గూడు నాకు రాదు" అన్నాడు.

"అది నాకొచ్చులే" అని గవరయ్యే అల్లాడు. చెట్టంతా నవ్వింది, ఈసారి గవరయ్యని చూసి.

మొదటి వాన పడగానే నక్క పరుగెత్తుకొచ్చింది. గట్టున ఏమీ రాలలేదు. బావి అంచున ఒక్క గూడు మాత్రం ఎగిరితే అందేలా ఊగుతోంది. పై కొమ్మన సూరమ్మ పిల్లల గొంతుతో కిచకిచలాడింది. నక్క ఎగిరి పంజా వేసింది. గూడు తెగి, గూటితోపాటు నక్క బావిలో పడింది.

"గవరయ్య బావా! ఇదేం గూడు, ఇంత పుచ్చుది!"

"నువ్విచ్చిన సరుకే మావా!"

నక్క బావి మెట్లెక్కి, తోక ఈడ్చుకుంటూ పోయింది, మళ్లీ రాలేదు.

"నీకేం కావాలో అడుగు" అన్నాడు గవరయ్య పోలయ్యతో. జవాబు మర్నాడు వచ్చింది. "పొద్దున కాసేపు ఎవరూ అరవకండి. నేనూ చల్లపూట అల్లుకుంటాను."

అప్పట్నుంచీ ఆ చెట్టు మీద సూర్యుడు నెత్తికొచ్చేదాకా పోగులు లాగే చప్పుడు తప్ప మరో చప్పుడు లేదు.

నీతి: పనివాడి తీరు వింతగా ఉందని నవ్వేముందు, అతను చేసిన పనిని ఒకసారి లాగి చూడాలి.