సింగన్న మిరపచేను

అనగనగా, వానపడితే కాలికి అంటుకుని వదలని నల్లరేగడి నేలల్లో పైడిపాడు అనే ఊరు ఉండేది. ఆ ఊళ్లో సింగన్న అనే రైతు. అతనికి ఆరెకరాల మిరపచేను, తోడుగా అక్క రత్తమ్మ. మొగుడు పోయి పుట్టింటికి చేరిన రత్తమ్మ, తల్లి లేని తమ్ముణ్ణి తానే పెంచింది. చేను మంచిచెడ్డలూ తానే చూసింది.

సింగన్నకు మీసాలొచ్చాయి, పెత్తనం వచ్చింది. ఊళ్లో అందరికంటే పెద్ద పంట తీయాలన్న పంతమూ వచ్చింది.

ఆ ఏడు కోతలయ్యాక గొర్రెల కాపరి మల్లప్ప ఎప్పటిలాగే మందను తోలుకొచ్చాడు. పదిరోజులు మంద చేలో పడుకుంటే ఆ పెంట నేలకు బలం. సింగన్న వద్దన్నాడు.

"ఇంకో చేలోకి తోలుకో మల్లప్పా. బస్తా ఎరువు చల్లితే ఒక్క పూటలో పని అయిపోతుంది."

"చల్లరా, కాదనను," అంది రత్తమ్మ. "కానీ మందనూ పడుకోనీ. బస్తా ఎరువు మొక్కకు పెట్టే ముద్ద. పెంట నేలకు పెట్టే ముద్ద."

సింగన్న నవ్వేశాడు. బస్తాకు రెండు బస్తాలు చల్లాడు. చేను నిగనిగలాడుతూ నడుమెత్తు లేచింది. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు.

రెండో ఏడు తొలకరికి ముందు రత్తమ్మ జీలుగ విత్తనాల మూట తెచ్చింది.

"మిరప మీద మిరప వద్దురా. సగం చేలోనైనా ఇవి చల్లి, పూతకు రాగానే కలియదున్నుదాం. నేల తెరిపిన పడుతుంది."

"పెంచిన పైరును మట్టిలో కలుపుకుంటారా అక్కా? జనం నవ్వుతారు."

మళ్లీ మిరపే నాటాడు. కాయ కాసింది గాని, గిడసబారింది. కోతలయ్యాక నేల బిగుసుకుని నాగలి దిగలేదు.

మూడో ఏడు పురుగు పడింది. రత్తమ్మ చేనంతా తిరిగి ఒక ఆకు తుంచి తెచ్చింది. ఆకు వెనుక పురుగు, ఆ పురుగును పొడుస్తూ చిన్న కందిరీగ.

"చూడు, నీ పని ఇది చేస్తోంది. సాలీళ్లున్నాయి, పిట్టలున్నాయి. గుడ్లున్న ఆకులు మనం ఏరేద్దాం, వేపగింజల కషాయం కొడదాం. పదిరోజులు ఓర్చుకో."

సింగన్న ఓర్చుకోలేకపోయాడు. "నీ మాట వింటే చేనంతా పోతుంది. ఇది నా చేను. ఇకమీదట నువ్వు దీని గట్టు తొక్కవద్దు," అన్నాడు.

వారం తిరక్కుండా రత్తమ్మ అత్తవారి ఊరికి వెళ్లిపోయింది. సింగన్న ఆపలేదు.

ఘాటైన మందు మూడుసార్లు కొట్టాడు. పురుగు చచ్చింది. సాలీళ్లూ కందిరీగలూ చచ్చాయి. పిట్టలు రావడం మానేశాయి. ఇరవై రోజులకు పురుగు మళ్లీ వచ్చింది. ఈసారి దాన్ని తినేవాళ్లెవరూ లేరు. పూత రాలింది. సత్తువ లేని నేలలో మొక్కలు వేరుకుళ్లి ఒరిగిపోయాయి. కోతకు వెళ్లిన కూలీలు ఖాళీ గంపలతో తిరిగొచ్చారు.

సింగన్న చేలో కూర్చుని ఒక మట్టిపెళ్ల తీసి నలిపాడు. అది నలగలేదు. ఎంత తవ్వినా ఒక్క వానపామూ కనిపించలేదు. అప్పుడు అక్క కావాలనిపించింది. అయినా మొహం చెల్లలేదు. చేను బాగుపడ్డాక, పండిన పంట చూపించి పిలుద్దామనుకున్నాడు.

మల్లప్పను బతిమాలి మందను కట్టించుకున్నాడు. మరుసటి ఏడు జీలుగ చల్లాడు. అది పూతకొచ్చిన రోజునే కబురు వచ్చింది. రత్తమ్మ జ్వరంతో పోయింది.

సింగన్న పరుగున వెళ్లాడు. రత్తమ్మ ఆడపడుచు అతణ్ణి అరుగు మీద కూర్చోబెట్టింది.

"మల్లప్ప మందతో ఈ దారిన వచ్చినప్పుడల్లా మీ అక్క అతణ్ణి నీ చేను సంగతి అడిగేది. నువ్వు మందను కట్టించుకున్నావని తెలిసి ఎంత మురిసిందో. 'వాడే వచ్చి పిలుస్తాడులే వదినా' అని రోజూ ఎదురుచూసింది నాయనా," అంది.

సింగన్న తల ఎత్తలేకపోయాడు.

రెండేళ్లకు నేల గుల్లబారింది. పిట్టలు తిరిగొచ్చాయి. చేను విరగకాసింది. కిటుకు ఏమిటని ఊరివాళ్లు అడిగితే, "మా అక్క చెప్పినట్టు చేశాను. చేసేసరికి ఆమె లేదు," అనేవాడు. ఆ ఏడు కోసిన మొదటి కాయలు ఎవరికి చూపించాలో అతనికి తోచలేదు.

నేల ఆకలి తీర్చి, పైరును కాచే ప్రాణుల్ని బతకనిచ్చేవాడిదే నిలిచే పంట. తప్పు తెలిసిననాడే ఒప్పుకోనివాడికి ఆ పంట కూడా చేదే.