కూర్మయ్య పేరు మీద జంబులింగం ఇల్లు

ఎర్రగుట్ట మీద నక్కలకి కొదవలేదు గానీ, ఆ గుట్ట తన స్థాయికి తగదని కనిపెట్టిన నక్క జంబులింగం ఒక్కడే. తాతల నాటి బొరియ, చుట్టూ రేగుపొదలు, నడివేసవిలోనూ నీళ్లూరే చెలమ, అన్నీ ఉన్నాయి. అన్నీ ఇక్కడే ఉండటమే ఆయనకి నచ్చలేదు. గుట్ట దిగితే ఏరు, ఏటి మధ్యలో పచ్చగా లంక. పొద్దున్నే అటు చూసి నిట్టూర్చడం, ఎదురైనవాళ్లతో "ఇక్కడి గాలి నాకు పడటం లేదోయ్" అనడం ఆయనకి అలవాటైపోయింది.

నిట్టూర్పు ఎక్కడ వినపడితే అక్కడ వాలే కొంగ ఒకాయన ఉన్నాడు. పేరు ఏకపాదం. లంకకీ గుట్టకీ మధ్య బొరియల బేరాలు కుదర్చడం ఆయన వృత్తి.

"లంకలో ఒక ముసలి ముళ్లపంది ఉన్నాడండి. తేమకి కీళ్లు పట్టేశాయట. పొడినేల దొరికితే బొరియకి బొరియ మార్చుకుంటానంటున్నాడు," అన్నాడు ఏకపాదం. "గడప దాటితే పీతలు. కూర్చున్నచోటి నుంచే ఏరు కనిపిస్తుంది."

"ఏరు ఇక్కణ్ణుంచీ కనిపిస్తుందిగా," అన్నాడు జంబులింగం.

"ఇక్కణ్ణుంచి కనిపించేది ఏరండి. అక్కణ్ణుంచి కనిపించేది రివర్ వ్యూ."

ఆ మాటకి జంబులింగం పడిపోయాడు. తెలివైనవాళ్లు ఇలాంటి మాటలకే పడతారు. మామూలు మాటలకి పడటం వాళ్లకి నామోషీ.

"చిన్న చిక్కొకటుందండి," అన్నాడు కొంగ, కాలు మార్చుకుంటూ. "లంకలో పుట్టనివాడికి అక్కడ జానెడు నేల కూడా ఇవ్వకూడదని వాళ్ల కట్టుబాటు. చుట్టపుచూపుగా ఉండొచ్చు, అమావాస్య రాగానే ఏరు దాటెయ్యాలి. అందుకని బయటివాళ్లు ఎవడో ఒక లంకవాడి పేరు పెట్టి, లోపల తాము కాపురం ఉంటారు. పేరు వాడిది, ఇల్లు మీది."

జంబులింగానికి హుషారొచ్చింది. కట్టుబాటు ఉందని వింటే భయపడేవాళ్లు కొందరు, దాన్ని దాటే సందు కోసం వెతికేవాళ్లు కొందరు. ఈయన వెతికే రకం.

పేరు ఎవరిది పెట్టాలో తానే చూసుకుంటానని మర్నాడే లంకలో దిగాడు. ముంగిసని చూశాడు, కళ్లు మరీ చురుగ్గా ఉన్నాయి. నీరుపిల్లిని చూశాడు, బంధుబలగం మరీ ఎక్కువ. చివరికి ఇసకలో ఎండ కాగుతున్న తాబేలు కూర్మయ్య కనిపించాడు. వీపు మీద ఇల్లున్నవాడికి ఇంకో ఇంటి మీద ఆశేముంటుంది? తన తెలివికి తానే మురిసిపోయాడు జంబులింగం.

"ఏం కూర్మయ్యా, నీకు ఇల్లుందా?"

"ఉందండి. ఈపు మీదేనండి."

"ఇంకో ఇల్లు కావాలని ఎప్పుడన్నా అనిపించిందా?"

కూర్మయ్య మెడ తిప్పి తన డొప్పని ఒకసారి చూసుకున్నాడు. "ఇప్పటిదాకా లేదండి. తవరు అడిగారు గాబట్టి ఇక ఆలోచించాలండి."

"ఆలోచించే పని నీకొద్దు. ముళ్లపంది బొరియ ఎవరిదని అడిగితే నాదని చెప్పు. అంతే."

"అబద్ధం కదండీ బాబూ?"

"అబద్ధం కాదు, ఏర్పాటు."

ఏర్పాటు జరిగిపోయింది. ముళ్లపంది మూలుగుతూ గుట్ట ఎక్కాడు, జంబులింగం ఈల వేసుకుంటూ లంకలో దిగాడు. తాతల బొరియ చేతులు మారిందని ఆయన ఒక్క పూట కూడా బాధపడలేదు. కూర్మయ్య మాత్రం గడప బయట తుంగలో పడుకునేవాడు. లోపలికి రమ్మని ఎవరూ పిలవలేదు.

గుట్ట నక్క లంకలో పాతుకుపోయిందన్న పుకారు లంక పెద్ద, ఎనుబోతు వీరభద్రంగారి చెవిన పడింది. ఆయన సభ పిలిచాడు. బొరియ నక్కదని తేలితే నక్కని ఏట్లోకి తోసి బొరియని పూడ్పించేస్తారు. గుట్ట మీద బొరియ ఎలాగూ లేదు. ఇది పోతే తలదాచుకునే చోటే ఉండదు. ఈల వేసుకుంటూ వచ్చినవాడు మొదటిసారి ఈల మానేశాడు.

"బొరియ ఎవరిది?" అన్నాడు వీరభద్రం.

"నాదేనండి," అన్నాడు కూర్మయ్య, నేల చూస్తూ. ఆ గొంతు వింటే ఎవరూ నమ్మరు. వీరభద్రం కూడా నమ్మలేదు.

ఇక జంబులింగం లేచాడు.

"అయ్యా, ఈ కూర్మయ్య పుట్టింది ఈ ఇసకలో. కన్నతల్లి గుడ్లు పెట్టి వెళ్లిపోయింది, మళ్లీ మొహం చూపించలేదు. ఆనాటి నుంచి ఎండొచ్చినా వానొచ్చినా వీడికి దిక్కు ఆ డొప్పే. డొప్పని ఇల్లంటారా అయ్యా? కాళ్లు చాపుకుని పడుకున్న రాత్రి వీడి బతుకులో ఒక్కటైనా ఉందా? ఇన్నాళ్లకి ఒక ముళ్లపంది దయతలచి బొరియ ఇచ్చి పోతే, లంకలో పుట్టినవాడి నోటికాడ కూడు లాగేస్తారా? నేనంటారా, వీడి ఇంటికి చుట్టపుచూపుగా వచ్చినవాణ్ణి. ఆ ఇంట్లో పిడికెడు మట్టి మీద కూడా నాకు హక్కు లేదు." అని ఏటి దాకా నడిచి, నీళ్లు ముట్టుకుని మరీ ఒట్టేశాడు.

సభలో ముక్కులు చీదిన చప్పుడైంది. వీరభద్రంగారి కళ్లు చెమర్చాయి. "బొరియ కూర్మయ్యదే. దాన్ని కాదన్నవాడు ఎవడైనా సరే, నా కొమ్ములకి జవాబు చెప్పుకోవాలి," అని తీర్పు చెప్పాడు. అందరికంటే ముందు తల ఊపింది జంబులింగమే.

ఆయన ఇంటికొచ్చి, పీతలు తిని, ఒక కునుకు తీసి లేచేసరికి కూర్మయ్య గడపలో ఉన్నాడు.

"కాత్త జరగండి," అని లోపలికి వచ్చి, మధ్యలో పడుకుని, నాలుగు కాళ్లూ బారజాపాడు.

"ఏంటిది కూర్మయ్యా?"

"కాళ్లు చాపుకుంటన్నానండి."

"సభ అయిపోయింది. ఇంక నటించక్కర్లేదు."

"నటనేంటండి? అక్కడ తవరు చెప్తుంటే నాకే ఏడుపాగలేదు. నాకింత అన్యాయం జరిగిందని తవరు చెప్పేదాకా నాకు తెలీదండి."

"అవన్నీ ఉత్తమాటలు."

"ఏ మాటండి ఉత్తది? మాయమ్మ మొహం నేను చూడకపోడమా? ముడుచుకుని పడుకోడమా?"

జంబులింగం వెతుక్కున్నాడు. తన ఉపన్యాసంలో అబద్ధం ఒక్కటే దొరికింది. "ఇల్లు నీదన్న మాట," అన్నాడు.

"అయితే పదండి, ఈరభద్రంగారికాడ ఆ ముక్క చెప్పేద్దాం. నీళ్లు ముట్టుకుని ఒట్టేసింది అబద్ధమని తవరే చెప్పాలండి. తవరికొచ్చినట్టు నాకు మాటలు రావు."

జంబులింగం దగ్గరికి వంగి చూశాడు. కూర్మయ్య మొహంలో మోసం కోసం వెతికాడు. మోసముంటే దాన్ని మించిన మోసం చెయ్యడం ఆయనకి తెలుసు. అక్కడ ఉన్నది నమ్మకం. దానికి మందు ఆయన దగ్గర లేదు.

కొంగ దగ్గరికి పరిగెత్తాడు. "పేరు వాడిది, ఇల్లు నాది అన్నావుగా?"

"అన్నానండి. సభలో అంత బాగా మాట్లాడమని ఎవరన్నారు? ఇదివరకు వచ్చినవాళ్లంతా నీళ్లు నమిలి బయటపడ్డారు," అన్నాడు ఏకపాదం. బేరం కుదిర్చినందుకు తన వంతుకి వచ్చిన పీతల్ని ఆయన ఎప్పుడో తినేశాడు.

అమావాస్య దాకా జంబులింగానికి మర్యాదలో లోటు జరగలేదు. కూర్మయ్య మంచి పీతని ఆయనకే పెట్టాడు. మెత్తటి మూల ఆయనకే ఇచ్చాడు. అమావాస్యనాడు రేవు దాకా సాగనంపి, "మళ్లీ రండి. మీ ఇల్లే అనుకోండి," అన్నాడు. ఆ మాటకి జంబులింగానికి నిజంగానే ఏడుపొచ్చింది. చుట్టం వెళ్లలేక ఏడుస్తున్నాడని కూర్మయ్య కూడా ఏడ్చాడు.

గుట్ట మీద తాతల బొరియ ముందు ముళ్లపంది ముళ్లు ఆరబెట్టుకుంటున్నాడు. కీళ్లు కుదురుకున్నాయట, ఇక్కడి గాలి అమృతమట. జంబులింగం ఆయన్ని దాటుకుని పోయి, ఒక బండ కింద ముడుచుకున్నాడు. అటుగా వచ్చిన తోడేలు బావ ఆగాడు.

"ఏంటి బావా, బండ కింద పడుకున్నావు? లంకలో ఇల్లు కొన్నావన్నారే?"

జంబులింగం మీసం దువ్వుకున్నాడు. "ఉంది బావా, రివర్ వ్యూ. నాకా ఇక్కడ పనులు తెమలవు. కూర్మయ్య అని నమ్మకస్తుడు ఒకడున్నాడు, ఇల్లంతా వాడే చూసుకుంటున్నాడు."

నీతి: పరాయి గడ్డ మీద, పరాయివాడి పేరు మీద ఇల్లు కొన్నవాడికి చివరికి దక్కేది, ఇల్లు కొన్నానని చెప్పుకునే భాగ్యం ఒక్కటే.