కంచె గండికి కాపలా ఎవరు?

రాళ్ళగుట్ట వెనక ముళ్ళకంచె వేసుకుని ఒక మేకల మంద ఉండేది. గాలివానకు కంచెలో ఒకచోట గండి పడింది. ఆ పక్కనే పొదలు, పొదల్లో నక్క. మందకు పెద్ద గడ్డాలయ్య అనే ముసలి మేకపోతు. ముక్కు మీద కోపం, కానీ పొగిడితే మాత్రం వెన్నలా కరిగిపోతాడు. ఆ సంగతి నక్కకు బాగా తెలుసు.

ఒక మధ్యాహ్నం మేకపిల్లలు బండల మీద ఎగిరి దూకుతుంటే, నక్క కంచె అవతల చతికిలబడి పెద్దగా నిట్టూర్చింది.

"ఏంటా ఏడుపు మొహం?" అన్నాడు గడ్డాలయ్య.

"మీ వంశం పరువు తలుచుకుంటే ఏడుపు రాదా పెద్దాయనా! ఆ రోజుల్లో పిల్ల నాలుగు కాళ్ళ మీద నిలబడితే చాలు, కాపలాకు వెళ్ళేది. ఇప్పుడో? ఆటలు, గారాబాలు!"

గడ్డాలయ్య ఛాతీ ఉబ్బింది. "నిజమే! మా కాలంలో పిల్లా పెద్దా తేడా ఎక్కడిది? పాలు మానిన రోజే నన్ను కంచె దగ్గర నిలబెట్టారు. ఒరేయ్ బుడంకాయ్, ఇలా రా! పొద్దు వాలేదాకా ఆ గండికి కాపలా నువ్వే!"

బుడంకాయ బొల్లి అనే మేక కొడుకు. వాడికింకా కొమ్ములైనా మొలవలేదు. బొల్లి గబగబా వచ్చి అడ్డం నిలబడింది. వాణ్ణి అక్కడ ఒంటరిగా నిలబెట్టడమంటే నక్క నోటికి ముద్ద అందించడమే.

"మామయ్యా, వాడు పసివాడు."

"నేనూ పసివాణ్ణే. నాకేమైంది?"

"నీకేం కాలేదు. నీతోపాటు కాపలా కాసిన మీ అన్నదమ్ములేరి?"

గడ్డాలయ్య ఒక్క క్షణం తడబడ్డాడు. "పోయారు. అప్పట్లో అది మామూలే. మళ్ళీ పుడతారులే అనుకునేవాళ్ళు. ఎదురు చెప్పకు!"

ఈయనతో వాదించి లాభం లేదని బొల్లికి అర్థమైంది. మొహాన నవ్వు పులుముకుని నక్క వైపు తిరిగింది.

"నక్కన్నా, నువ్వన్నదే సబబు. మీ ఇంట్లోనూ ఒక బుజ్జిగాడున్నాడుగా? వాణ్ణీ తీసుకురా. మావాడు గండికి ఇవతల, మీవాడు అవతల. ఇద్దరూ కలిసి పని నేర్చుకుంటారు."

"మావాడెందుకులే చెల్లెమ్మా..."

"అదేంటి! పాత పద్ధతే మంచిదన్నావుగా? కాసేపట్లో గొర్రెల కాపరి కుక్కలు కూడా ఇటే వస్తాయి. వాటిని చూస్తే మీవాడికి కాస్త ధైర్యం అలవడుతుంది."

"కుక్కలా!" నక్క ఎగిరిపడింది. "నీకేమైనా మతిపోయిందా? వాడికింకా పాలపళ్ళే ఊడలేదు! కుక్క కనిపిస్తే ఆడుకోవడానికొచ్చిందనుకుని ఎదురెళ్తాడు. పసివాణ్ణి ఎవరైనా కాపలాకు పంపుతారా?"

మంద మొత్తం నెమరు ఆపి చూసింది. నక్క నాలుక కరుచుకుంది కానీ, అప్పటికే ఆలస్యమైపోయింది.

"నీ పిల్లయితే పసివాడు, మా పిల్లయితే కాపలాదారా?" గడ్డాలయ్య గండిలోంచి అవతలికి దూకి, కొమ్ములు వంచి ఒక్క పోటు పొడిచాడు. నక్క వెళ్ళి ముళ్ళ మీద పడి, కుయ్యోమంటూ గుట్ట దిగి పారిపోయింది.

గడ్డాలయ్య వెళ్ళి గండికి అడ్డంగా నిలబడ్డాడు. "నన్ను పంపిన రోజు మా అమ్మ కూడా నీలాగే అడ్డం పడింది అమ్మాయ్," అన్నాడు బొల్లితో. "ఎవరూ వినలేదు."

బొల్లి కొడుకును దగ్గరికి లాక్కుంది. వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని అక్కడే కూలబడింది. ప్రాణం కుదుటపడ్డాక కన్నీళ్ళు ఆగలేదు.

బుడంకాయ మాత్రం తల్లి ఒడిలోంచి తల బయటపెట్టి, "మరి నా కాపలా తాతా?" అని అడిగాడు.

"కొమ్ములు రానీ, చూద్దాం. పోయి ఆడుకో!"

ఎదుటివాడి పిల్ల నెత్తిన బరువు పెట్టమని సలహా ఇచ్చేవాణ్ణి, ముందు తన పిల్లను తెమ్మని అడగాలి.