మొదట వంగేదెవరు

గిడ్డయ్య గురువుకు ఒక అలవాటుంది. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పడు, పని చెబుతాడు. అందుకని సింగరాజుకొట్టాలలో ఆయన దగ్గర జడకోలాటం నేర్చుకునేవాళ్ళు ప్రశ్నలు అడగడం ఎప్పుడో తగ్గించుకున్నారు. మద్దిలేటి మాత్రం ఆ రోజు అడిగాడు. తెలుసుకోవాలని కాదు. ముందురోజు సుంకన్న ఏదో అడిగితే గురువు వాడి భుజం తట్టి, "మంచి మాట అడిగినావురా" అన్నాడు. ఆ తట్టిన చప్పుడు మద్దిలేటికి ఇంటికి పోయినా వినిపిస్తూనే ఉంది. భార్య అన్నం వడ్డించి ఉప్పు సరిపోయిందా అని అడిగితే, "మంచి మాటలు అడిగేది సుంకన్న ఒక్కడే, నువ్వు అడగాకు" అన్నాడట. ఆమె, పాపం, ఉప్పు గిన్నె పక్కన పెట్టి పోయింది.

కాబట్టి సుంకన్న ప్రశ్న కన్నా పెద్ద ప్రశ్న కావాలి. మద్దిలేటి దానికోసం పొద్దంతా టీవీ ముందు కూర్చున్నాడు. అక్కడ నలుగురు పెద్దమనుషులు, ఒకరి మాట ఒకరిని పూర్తి చేయనివ్వకుండా, దేశంలో ఒకరి మాట ఒకరు వినడం లేదని బాధపడుతున్నారు. ప్రశ్న దొరికింది.

"గురువా, దేశంలో జనమంతా రెండు పార్టీలుగా చీలిపోయి, ఒకరి మొహం ఒకరు చూడకుండా పోతే, కడాకు తమలో తామే యుద్ధానికి దిగుతారా?"

అడిగి, భుజం కాస్త ముందుకు పెట్టి నిలబడ్డాడు, తట్టడానికి వీలుగా. గురువు తట్టలేదు. మీసం దువ్వుకుంటూ ఊరి వైపు చూశాడు.

ఊరికి ఆ ప్రశ్న మరీ కొత్తదేమీ కాదు. ఎన్నికలైనప్పటి నుంచి గొడుగు గుర్తు వాళ్ళు ఒక కొట్టులో టీ తాగుతున్నారు, గంట గుర్తు వాళ్ళు ఇంకో కొట్టులో తాగుతున్నారు. రెండు కొట్లకూ పాలు ఒకే ఇంటి గేదెలవి. ఎదుటి కొట్టు టీ నీళ్ళలా ఉంటుందని మాత్రం రెండు వైపులా చెబుతారు. గంట వాళ్ళ ఇంట్లో పెళ్ళికి గొడుగు వాళ్ళు పోరు. పోకపోయినా, వంకాయ కూరలో నూనె ఎంత తేలిందో పోయినవాళ్ళ కన్నా వాళ్ళకే బాగా తెలుసు. ఒక్క కోలాటం జట్టు మాత్రం ఇంకా కలిసి ఉంది. ఆడేటప్పుడు ఎవరికి ఏ తాడు ఇవ్వాలో గురువే నిర్ణయిస్తాడు, ఇచ్చిన తాడు పట్టుకోవడమే వాళ్ళ పని.

మద్దిలేటిది గంట, సుంకన్నది గొడుగు. కానీ మద్దిలేటి కడుపుమంటకు పార్టీ కారణం కాదు. మంట ముందే ఉంది, పార్టీ దానికి తర్వాత తొడిగిన చొక్కా. అసలు సంగతి మొదటి తాడు. ఆదివారం తిరునాళ్ళలో, చుట్టుపక్కల ఊళ్ళన్నీ చూస్తుండగా, మొదటి తాడు పట్టుకున్నవాడే అడుగు మొదలుపెడతాడు, మిగతావాళ్ళు వాడి వెనక నడుస్తారు. మద్దిలేటి ఆ తాడు కోసం మూడు తిరునాళ్ళుగా కాచుకుని ఉన్నాడు. గురువు దాన్ని తీసుకుపోయి, నిన్న మొన్న కోల పట్టిన సుంకన్నకు ఇచ్చాడు. పైగా వాడు వయసులో చిన్న. పైగా "మద్దిలేటన్నా" అని మర్యాదగా పిలుస్తాడు. ద్వేషించడానికి ఒక్క వంకైనా ఇవ్వని మనిషి కన్నా దుర్మార్గుడు ఎవడుంటాడు?

గురువు చివరికి నోరు తెరిచాడు. "రేపు గొడుగు వాళ్ళంతా కుడిచుట్టు తిరగండి, గంట వాళ్ళంతా ఎడమచుట్టు. ఆ పక్క మొదటి తాడు సుంకన్నది. ఈ పక్క మొదటి తాడు నీది మద్దిలేటీ."

మద్దిలేటి తన ప్రశ్న ఆ క్షణమే మరిచిపోయాడు.

జడకోలాటం చూడనివాళ్ళు కూడా ఉంటారు. ఎత్తుగా అడ్డం వేసిన దూలానికి రంగుతాళ్ళు కట్టి వేలాడదీస్తారు. ఒక్కొక్కరూ ఒక చేత్తో తాడు కొస, రెండో చేత్తో కోల పట్టుకుంటారు. సగం మంది ఒక వైపు, సగం మంది దానికి ఎదురు వైపు తిరుగుతారు. ఎదురుపడ్డప్పుడు ఒకడు తల వంచి ఎదుటివాడి తాడు కింది నుంచి దూరిపోవాలి. ఆ తర్వాత ఎదురైనవాడికి తన తాడు పైకెత్తి దారి ఇవ్వాలి. ఇట్లా వంగుతూ, దారి ఇస్తూ పోతే పైన తాళ్ళు ఆడపిల్ల జడలాగా అల్లుకుంటాయి. వచ్చిన దారిలోనే వెనక్కి తిరిగితే జడ విడిపోతుంది. తిరునాళ్ళలో జడ చెడితే, మరుసటి ఏడు ఆడే వరస పక్క ఊరికి పోతుంది. పక్క ఊరి వాళ్ళు ఆ వరస కోసం ఎంత భక్తిగా ఎదురుచూస్తున్నారో దేవుడికే తెలుసు.

మరునాడు సాయంకాలం పాల కేంద్రం ముందరి బయలులో జట్టు నిలబడింది. గురువు తాళాలు వేసి పాట ఎత్తుకున్నాడు. మద్దిలేటి కొత్త లుంగీ కట్టుకుని, తిరునాళ్ళు ఇవాళే అన్నట్టు అడుగు వేశాడు. ఎదురుగా సుంకన్న వచ్చాడు. ఇద్దరూ ఆగారు.

"వంగన్నా," అన్నాడు సుంకన్న మెల్లగా.

"నేనేంది వంగేది? చిన్నోడివి, నువ్వు వంగు."

"మొదటి తాడు ముందుగా వంగేది లేదు కదన్నా. నిన్నటిదాకా అంతే కదా."

"నిన్నటిదాకా మొదటి తాడు ఒకటే. ఈపొద్దు రెండు."

సుంకన్న గురువు వైపు చూశాడు. గురువు కళ్ళు మూసుకుని పాడుతున్నాడు. వెనకనుంచి మద్దిలేటి బావమరిది వీరేశు, "వంగొద్దు బావా, మన పరువు పోతాది" అని అరిచాడు. అటువైపు నుంచి కూడా అలాంటి సలహాలే వచ్చాయి. ఇద్దరూ తాళ్ళు పైకెత్తి, ఛాతీలు విరుచుకుని, ఒకరినొకరు రాసుకుంటూ దాటారు. వెనక వచ్చేవాళ్ళు ముందువాళ్ళను చూసి నడిచేవాళ్ళు కాబట్టి, వాళ్ళూ వంగలేదు. ఎవరికి వారు ఎదుటివాళ్ళను వంచామనుకున్నారు.

పైన జడకు బదులు ముద్ద తయారైంది. తిరిగినకొద్దీ తాళ్ళు పొట్టివై, ఎంత దూరంగా నిలబడాలనుకున్నవాళ్ళు అంత దగ్గరికి లాగబడ్డారు. కాసేపటికి గొడుగు వాళ్ళూ గంట వాళ్ళూ దూలం కింద ఒకరి చెమట ఒకరికి అంటేలా ఇరుక్కున్నారు. తాడు వదిలితే ఓడినట్టని ఎవరూ వదలలేదు.

పాలు పోయడానికి వచ్చిన రంగమ్మక్క చెంబు కింద పెట్టి, "ఏమబ్బా, ఇది కోలాటమా, సంతకు కట్టిన కోళ్ళా?" అంది.

ఆడవాళ్ళు నవ్వారు. సుంకన్న పెదవి కూడా కొంచెం కదిలింది. మద్దిలేటికి అది చాలు. అదే సమయానికి ఎవరిదో కోల వచ్చి వాడి భుజం మీద పడింది. మద్దిలేటి వెనక్కి చూడలేదు. చూసి ఉంటే, సుంకన్నను కొట్టబోయి గురి తప్పిన బావమరిది కనిపించేవాడు. చూడకుండానే కోల విసిరాడు. సుంకన్న కనుబొమ్మ చీరుకుపోయి, రక్తం చెంప మీదికి కారింది.

తాళాలు ఆగాయి.

అప్పుడు తప్పు ఒప్పుకునే మనిషైతే వాడు మద్దిలేటే కాదు. "కొడవలి తెండి!" అని అరిచాడు. "మా తాళ్ళు మేము కోసుకుని పోతాం. ఈళ్ళతో మాకు పొత్తు వద్దు."

గురువు లేచి, రంగమ్మక్క గడ్డిమోపులో ఉన్న కొడవలి తీసి వాడి చేతికిచ్చాడు. "కొయ్యి. నీదొక్కటే కొయ్యాల. ఇంకోని తాడు తెగితే, తిరునాళ్ళు ఎందుకు చెడిందో ఊరికి నువ్వే చెప్పుకో."

మద్దిలేటి తల పైకెత్తాడు. తనది ఎర్ర తాడు, కానీ ఎర్ర తాళ్ళు వాళ్ళవీ ఉన్నాయి, వీళ్ళవీ ఉన్నాయి. తన తాడు ఎక్కడిదాకా పోయిందో చూద్దామని ఒక గుంజు గుంజాడు. వీరేశు చెయ్యి పైకి లేచింది. ఇంకొంచెం గట్టిగా గుంజాడు. సుంకన్న తూలి మద్దిలేటి రొమ్ము మీద పడ్డాడు, వాడి నెత్తురు కొత్త లుంగీకి అంటింది. మద్దిలేటి ముద్దను ఇటునుంచీ అటునుంచీ చూశాడు. కొడవలి ఎత్తాడు, దించాడు, మళ్ళీ ఎత్తాడు. చివరికి దాన్ని రంగమ్మక్క వైపు చాపితే, ఆమె నవ్వకుండా తీసుకుంది.

సుంకన్న చెంప తుడుచుకుని, చిక్కు విప్పేందుకు వెనకడుగు వేస్తూ తల వంచబోయాడు. మద్దిలేటి అది చూశాడు. గురువు అది చూడటం కూడా చూశాడు. మళ్ళీ వీడే! మళ్ళీ భుజం తట్టించుకునేది వీడే! ఆ మంటలో, ముందు నేనంటూ తానే గబుక్కున వంగాడు. రెండు తలలు ఠంగుమన్నాయి. ఈసారి గంట వాళ్ళూ గొడుగు వాళ్ళూ కూడా నవ్వారు. అందరికన్నా గట్టిగా వీరేశు నవ్వాడు.

చిక్కు విప్పేసరికి గేదెలు ఇళ్ళకు చేరాయి. గురువు రెండు పార్టీలనూ ఎప్పటిలా కలిపి నిలబెట్టి, మొదటి తాడు తిరిగి సుంకన్నకే ఇచ్చాడు. వాడు కనుబొమ్మకు పసుపు అద్దుకుని దాన్ని అందుకున్నాడు. మద్దిలేటికి కడుపు ఎప్పటిలాగే మండింది. సుంకన్న వెనక తాడు పట్టుకుని, వంగాల్సిన చోట వంగాడు. వంగినప్పుడల్లా గురువు చూస్తున్నాడా లేదా అని ఓరగా చూశాడు.

అందరూ పోయాక కూడా మద్దిలేటి కదల్లేదు.

"గురువా, నిన్న నేనడిగిన దానికి నువ్వు జవాబే చెప్పల్యా."

"ఇందాక కొడవలి నీ చేతిలోనే ఉండె కదరా. ఎందుకు కొయ్యల్యా?"

"నా తాడు యాదో తెలియల్యా గురువా."

గురువు తాళాలు సంచిలో వేసుకుని లేచాడు.

"తెలిసింటే?"